రుడాల్ఫ్ డీజిల్

మన రహదారులపై బరువులు మోయు లారీలను, వాని వెనుక లేచు పొగను ఎరుగనివారు లేరు. ఆ లారీలలో పోయు నూనెకును, దానిని మండించు యంత్రమునకును గల పేరు ఒక మనుష్యుని యింటిపేరని యెరిగిన విద్యార్థులు మాత్రము కొలదిమందియే. ఆయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు బవేరియా దేశీయులు. తండ్రి తోలుసామానులు చేసి జీవించువాడు. ఆ సరకును చేతిబండిపై నిడి ఇంటింటికి చేర్చుట బాలుని పని. 1870 లో యుద్ధము సంభవింపగా ఆ కుటుంబము లండనునకు తరలిపోవలసివచ్చెను. పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను అచ్చటినుండి ఒంటరిగా ఆగ్స్‌బర్గు పట్టణమునకు, గణితోపాధ్యాయుడగు ఒక బంధువునొద్దకు పంపిరి.

పిమ్మట నతడు మ్యూనిక్ సాంకేతిక కళాశాలలో చదివి 1880 లో అత్యున్నత శ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను. ఆవిరియంత్రము బొగ్గు నిచ్చు వేడిలో నూటికి పదిపాళ్లనైనను పనిగా మార్చజాలదని లిండే అను ఆచార్యుడు అచ్చట బోధించెను. ఆ నష్టమును మాన్పవలెనను తలంపు శిష్యుని మనస్సున నాటుకొనెను.

సైకిలుకు గాలికొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మన పిల్లలెరిగినదే. డీజిల్ యోచన యందే యున్నది. గాలిని మిక్కిలి గట్టిగా నొత్తినచో దాని వేడికే నూనె తనంతట నంటుకొనును. వేరు నిప్పురవ్వ యక్కరలేదు. 1892 లో నతడు పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గు కర్మాగారమున జరిగిన మొదటి పరీక్షలో నూనె అంటుకొనుటయైతే యంటుకొనెను గాని, పీడనమును కొలుచు పరికరము పగిలి ముక్కలై యెగిరెను. డీజిల్ ప్రాణములతో బయటపడెను. నాలుగేండ్లు పట్టువిడువక శ్రమించిన మీదట, 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటర్ పరీక్షింపగా ఆ యంత్రము నూటికి 26 పాళ్ల వేడిని పనిగా మార్చెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున నిట్టి యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడచెను.

చిన్న చేతిపనివారు పెద్ద మిల్లుల పోటీకి తాళుటకు తన యంత్రము తోడ్పడునని యతడాశించెను. కీర్తియు ధనమును వచ్చినవి. వ్యాజ్యములును, అనారోగ్యమును వెంట వచ్చినవి. డబ్బు వ్యవహారములలో నతడు నేర్పరియని మేము చెప్పజాలము. అప్పులలో మునిగియున్న కాలమున, 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వర్ప్ నుండి ఇంగ్లండునకు పోవు ఓడలో నిద్రించుటకు గదికి బోయి, మరునాటి యుదయమున గానరాడయ్యెను. కొలదిదినములకు సముద్రమున దొరికిన శవముపైనున్న వస్తువులను కుమారుడు గుర్తించెను. మరణకారణము నేటికిని నిశ్చయముగా తెలియదు.

తన యంత్రము లారీలను విరివిగా లాగుట యతడు చూడలేదు. 1897 నాటి యంత్రము పదియడుగుల యెత్తుగలది. బెంజ్, ఎం.ఏ.ఎన్. కంపెనీలవారు 1923, 1924 సంవత్సరములలో గాని దానిని లారీలో నిమిడ్పలేదు.

పొదుపునకు మూలమైన యా వేడియే దోషమునకును మూలమయ్యెను. గాలిలోని నత్రజని ఆ వేడికి ప్రాణవాయువుతో గలిసి విషవాయువగును. గాలి చాలనిచోట నూనె మసియగును. 2012 లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి కాన్సరు పరిశోధనశాఖ ఈ పొగ కాన్సరు కలిగించునని తీర్మానించెను. దారిప్రక్కన నడచి బడికి వచ్చు పిల్లలకిది దూరపు మాట కాదు.

దోషనివారణమునకై తరువాతి ఇంజనీర్లు నూనెను అత్యధిక పీడనమున మంచువలె చిమ్మిరి. మసిని పట్టుటకు తేనెపట్టువంటి పింగాణి జల్లెడ నమర్చి, చేరిన మసిని అందే కాల్చివేయు నుపాయము చేసిరి. రైతు పొలమున జల్లు యూరియానే మిక్కిలి శుద్ధముచేసి, నీటగలిపి, పొగగొట్టములో చిమ్మినచో విషవాయువు మరల నత్రజనియు నీరునై పోవును. గంధకము ఈ యేర్పాట్లను చెరచును గనుక, మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి నూనెలో గంధకమును పదిలక్షల పాళ్లకు 50 నుండి 10 కి తగ్గించి, క్రొత్త లారీలకు బి.ఎస్. 6 నియమమును విధించిరి. అంతకు పూర్వపు లారీలు పెక్కు ఇంకను మన దారుల నడచుచున్నవి. వానిలో చాలవాటికి ఈ జల్లెడ లేదు.