ఊపిరిని కనిపెట్టిన వైద్యుడు: డాక్టరు ఎడ్వర్డు లారీగారి జీవితము

మన పాఠశాలలోని బాలబాలికలను పెద్దవారైన పిమ్మట ఏమి కాదలచితిరని అడిగినచో, పలువురు వైద్యులము కాగోరుచున్నామని బదులు చెప్పుదురు. వారి తలిదండ్రులకును ఆ కోరికయే గలదు. మంచి కోరికయే. కాని వైద్యుడనగా రోగికి మందిచ్చువాడు మాత్రమే కాడు. తానిచ్చు మందు దేహములో ఏమి చేయుచున్నదో పరీక్షించి తెలిసికొనవలెను. తెలిసికొన్నదానిని పదిమంది యెదుట పెట్టి వారి విమర్శకు ఒప్పుకొనవలెను. అట్టి పని యొకటి 1889వ సంవత్సరమున మన తెలుగు నేలమీదనే, హైదరాబాదు నగరమందలి యొక వైద్య పాఠశాలలో, సీమలోని గొప్ప వైద్యులు సయితము చెవియొగ్గి వినునట్లు జరిగినది. దానిని నడపిన డాక్టరు ఎడ్వర్డు లారీగారి జీవితమును ఈ యేటి సంచికలో మా పాఠకులకు విన్నవించుచున్నాము. వారు గొప్ప పని చేసిరి. అందులోనే ఒక ముఖ్యవిషయమున పొరబడిరి. ఈ రెంటిని దాచక చెప్పుటయే మా యుద్దేశము.

లారీగారు 1846లో జన్మించిరి. ఆ సంవత్సరము మన కథకు మూడు విధముల జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేటనే, అక్టోబరు 16వ తేదిన, అమెరికాలోని బోస్టను నగరమున ఒక రోగికి ఈథరు అను మందు పీల్పించి, బాధ తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని పలువురి యెదుట చూపిరి. ఆ యేటనే హైదరాబాదులో డాక్టరు మెక్లీనుగారి పూనికతో వైద్య పాఠశాల ఆరంభమాయెను. ఇంగ్లండు దేశపు బాలుడు, అమెరికా దేశపు మందు, దక్కను దేశపు పాఠశాల. ఈ మూడును నలువది యేండ్లకు పిమ్మట ఒక్కచోట కలిసికొనుట దైవికమనియే తోచును.

అంతకుముందు శస్త్రచికిత్స యనగా ఎట్టి భయంకరమైన పనియో మన పిల్లలు ఊహింపజాలరు. రోగిని నలుగురు గట్టిగా పట్టుకొనగా, తెలివి యుండగనే కాలో చేయియో కోయుచుండిరి. ఈథరు వచ్చిన మరుసటి యేట, అనగా 1847 నవంబరులో, ఎడింబరో నగరపు వైద్యుడు సింప్సనుగారు క్లోరోఫారము అను మరియొక మందును వాడుకలోనికి తెచ్చిరి. ఇది తియ్యని వాసన గలది, త్వరగా పని చేయునది, కొద్దిపాటి చాలునది. జనులు సంతోషించిరి.

కాని ఆ సంతోషము మూడు నెలలైనను నిలువలేదు. 1848 జనవరి 28వ తేదిన ఇంగ్లండులో న్యూకాజిలు దాపున హన్నా గ్రీనరు అను 15 ఏండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్పించిరి. కొన్ని నిమిషములలోనే ఆ బాలిక మరణించెను. కాలిగోరు వంటి స్వల్ప చికిత్సకు పోయిన పిల్ల తిరిగి ఇంటికి రాలేదు! అటుపిమ్మట అచ్చటచ్చట ఇట్టి మరణములు వినబడుచునే యుండెను. మందు మానుద మన్నచో రోగికి భరింపరాని బాధ. ఇత్తమన్నచో ఎవరి ప్రాణము ఎప్పుడు పోవునో తెలియని భయము. ఇది వైద్యుల యెదుట నిలిచిన చిక్కు.

ఈ మరణములకు కారణమేమి? ఇందు వైద్యులు రెండు పక్షములైరి. క్లోరోఫారము గుండెను ఆపివేయుచున్నది గావున రోగి నాడి పట్టుకొని కూర్చుండవలెనని లండను నగరపు వైద్యులలో పెక్కురు చెప్పుచుండిరి. ముందు ఆగునది ఊపిరియే, గుండె తరువాత ఆగును గావున నాడిని విడిచి ఊపిరిని కనిపెట్టి యుండవలెనని ఎడింబరో వైద్యులు వాదించిరి. ఎడింబరోలో ఈ మతమునకు పెద్ద శస్త్రవైద్యుడైన జేమ్సు సైముగారు. మన లారీగారు ఎడింబరోలో చదివి, ఆ సైముగారి శిష్యరికము చేసినవారు. గురువు నేర్పిన ఆ నియమము వారి మనస్సున నాటుకొని కడవరకు వదలలేదు. వారి బలమును బలహీనతయు అందే యున్నవని ముందు తెలియగలదు.

లారీగారు 1872లో ఇండియా వైద్యశాఖలో ప్రవేశించిరి. కొంతకాలము లాహోరు వైద్య విద్యాలయమున శస్త్రచికిత్స బోధించి, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ వైద్యులుగా వచ్చిరి. వైద్య పాఠశాలకు అధ్యక్షులును వారే. అంతవరకు ఉర్దూలో సాగుచుండిన బోధన వారి కాలమున ఆంగ్లమునకు మారెను. స్త్రీలకును ఆ పాఠశాల తలుపులు తెరవబడెను. 1885లో చేరిన అయిదుగురు స్త్రీలలో పారసీ కన్య రూపాబాయి ఫర్దూన్‌జీగారు ఒకరు. ఆమె క్లోరోఫారము ఇచ్చుటయందు మిక్కిలి నేర్పరియై, పిదప ఎడింబరోకు పోయి పై చదువు చదివి వచ్చి, హైదరాబాదు ఆసుపత్రులలో 1920 వరకు పనిచేసిరి. మత్తుమందిచ్చు వైద్యమునందు లోకములోనే మొదటి స్త్రీ యని పలువురు ఆమెను చెప్పుకొందురు. మన బాలికలు ఈ మాట మరువరాదు.

హైదరాబాదు అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో లారీగారు శస్త్రచికిత్స చేయునప్పుడు మందిచ్చుచుండినవారు విద్యార్థులే. వారికి వారు నేర్పిన పద్ధతి సులభమైనది. మందు పోసిన గుడ్డను ముక్కునకు గట్టిగా అదిమి పెట్టరాదు, గాలి ఆడనీయవలెను. రోగి పెనుగులాడుచున్నను, ఊపిరి బిగబట్టుచున్నను మందు తీసివేసి సరిగా పీల్చువరకు ఆగవలెను. కన్ను రెప్పపాటు పోయిన తోడనే మందు మానవలెను. చూపు రోగి ఎదమీదనే యుండవలెను, ఊపిరి మీదనుండి ఒక్క క్షణమైనను మరలరాదు. ఇట్లు వేలకొలది రోగులకు మందిచ్చి క్షేమముగా లేపుచుండిరి.

అయినను, మా ఆసుపత్రిలో ఎవరును చావలేదు గావున మా మాటయే నిజమనుట శాస్త్రము కాదు. లారీగారికి అది తెలియును. కావున 1888లో నిజాము ప్రభుత్వపు సహాయముతో ఒక పరీక్షా సంఘము నేర్పరచి, కుక్కలకు క్లోరోఫారమిచ్చి, ఊపిరి ముందు ఆగునా గుండె ముందు ఆగునా యని చూచిరి. ప్రతి మారును ఊపిరియే ముందు ఆగెనని ప్రకటించిరి. లండనులోని లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. సీమలో ఇదివరకు జరిగిన పరీక్షలకు ఇది విరుద్ధముగా నున్నదని అభ్యంతరము చెప్పెను.

అప్పుడు జరిగిన పని మెచ్చుకొనదగినది. లారీగారు కోపపడి ఊరకుండలేదు. మీరే ఒకరిని పంపుడు, మీ కన్నులతో చూచి చెప్పుడని పిలిచిరి. ఆరవ నిజాము మహబూబ్ ఆలీ ఖానుగారు అందుల ఖర్చునకై 1,000 పౌండ్లు ఆ పత్రికకు ఇచ్చిరి. పత్రికవారు డాక్టరు లాడరు బ్రంటనుగారిని పంపిరి. వీరు మందులు దేహమునందు చేయు పనిని గూర్చి ఆనాటి మిక్కిలి గొప్ప పండితులలో నొకరు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైటు అను మందు పనిచేయునని 1867లో చూపినవారు. పైగా వీరు క్లోరోఫారము గుండెకు అపాయకరమని నమ్మియున్నవారు. అనగా ఎదిరిపక్షపు సాక్షినే లారీగారు తమ ఇంటికి రప్పించుకొనిరి!

1889 చివర రెండవ సంఘము కూడెను. లారీగారు అధ్యక్షులు, బ్రంటనుగారు, బోంఫోర్డుగారు, రుస్తుంజీగారు సభ్యులు. ఆ సంవత్సరము డిసెంబరు మొదటికి 490 జంతువులమీద పరీక్షలు జరిగెను. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అందులో నుండెను. 120 జంతువుల రక్తనాళమునకు ఒత్తిడిని కొలుచు యంత్రము తగిల్చి, తిరుగుచుండు కాగితముమీద గుండెకొట్టుకొనుట యెల్ల గీతలుగా వ్రాయబడునట్లు చేసి, ఆ గీతలను ఛాయాచిత్రములు తీయించిరి. మాటలు మరుగుపడవచ్చును గాని గీతలు మరుగుపడవు. మనుష్యుల ప్రాణము నిలుపుటకై పెక్కు మూగజీవులు బలియైన సంగతియు మనము తలచుకొనవలసినదే.

ఫలితము చూచి బ్రంటనుగారు తమ అభిప్రాయము మార్చుకొనిరి. అపాయము ఊపిరాడకపోవుటవలననో మందు అధికమగుటవలననో కలుగును గాని, గుండెపై నేరుగా కలుగుట లేదని లండనునకు తంతి పంపిరి. 1890లో సంఘమువారి నివేదిక లాన్సెట్‌లో అచ్చుపడగా వైద్యలోకమంతయు హైదరాబాదు పేరు చెప్పుకొనెను. అంతకు ముందు సీమలో జరిగిన పరీక్షను ఇండియావారు చదువుచుండిరి. ఇప్పుడు ఇండియాలో జరిగిన పరీక్షను సీమవారు చదువవలసివచ్చెను.

కథ ఇచ్చటనే ముగిసినచో ఇది విజయగాథ మాత్రమే యగును. కాని సత్యము మరికొంత దూరము నడువవలసి యుండెను. 1893లో కేంబ్రిడ్జి పండితులు గాస్కెలుగారును షోరుగారును వేరు విధమైన పరీక్షలు చేసి, క్లోరోఫారము గుండెను సయితము నీరసపరచుచున్నదని వ్రాసిరి. లారీగారు ఒప్పుకొనలేదు. తమ నియమము ననుసరించినచో చావే యుండదనియు, ఎచ్చటనైన రోగి చనిపోయినచో అది మందిచ్చినవారి తప్పే యనియు పట్టుపట్టి వ్రాయుచునే యుండిరి. 1901లో ఉద్యోగము విరమించి, ఆ యేటనే క్లోరోఫారమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. అందును ఆ మాటయే.

1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులమీద పరీక్షించి అసలు మర్మము బయటపెట్టెను. మందు ఎక్కువైనప్పుడు ఊపిరి ముందు ఆగుట నిజమే. కాని మందు తక్కువగా నున్నప్పుడు, మత్తు పైపైన నున్నప్పుడు, మరియొక అపాయము గలదు. మనము భయపడినపుడు మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులనుండి ఒక రసము రక్తములో కలిసి గుండెను వేగిరపరచును. క్లోరోఫారము సోకిన గుండెకు ఆ రసము తగిలినచో, గుండె క్రింది గదులు క్రమము దప్పి వణకసాగును. వణకు గుండె రక్తమును నెట్టజాలదు. ఊపిరి ఇంకను ఆడుచుండగనే ప్రాణము పోవును. భయముతో బల్లమీద పరుండిన హన్నా వంటి పిల్లలు మందు మొదలిడిన కొద్దిసేపటికే ఎట్లు చనిపోయిరో ఇప్పుడు తెలిసెను.

మరి హైదరాబాదు పరీక్షలలో ఇది ఏల కనబడలేదు? వారు వ్రాసిన గీతలు అబద్ధములు కావు. జంతువులకు మందు నిండుగా ఇచ్చి, ఏది ముందు ఆగునని వారు అడిగిరి; అడిగిన ప్రశ్నకు సరియైన ఉత్తరమే వచ్చినది. మందు కొంచెమే ఇచ్చినప్పుడు హఠాత్తుగా చచ్చుట ఎందువలన అను ప్రశ్నను వారు చాలినంతగా అడుగలేదు. గురువు నేర్పిన నియమము కన్నులకు దీపమైనట్లే, ఒక ప్రక్క చూపునకు తెరయు ఆయెను. బ్రంటనుగారు తమ నమ్మకమును సాక్ష్యము చూచి మార్చుకొనిరి, లారీగారు మార్చుకొనలేకపోయిరి. వారు 1915లో పరమపదించిరి.

ఇందువలన వారి శ్రమ వ్యర్థమాయెనా? కాలేదు. ఊపిరిని ఎడతెగక కనిపెట్టవలెనను నియమము నేటికిని నిలిచియున్నది. క్లోరోఫారము శస్త్రచికిత్సాలయములనుండి ఏనాడో తొలగిపోయినది. దానికంటె క్షేమకరమైన మందులు వచ్చినవి. నేడు మన పెనుగొండనుండి ఎవరైన శస్త్రచికిత్సకు పోయినచో, మత్తుమందిచ్చు వైద్యుడు తల దాపున కూర్చుండి రోగి ఊపిరిని, రక్తములోని ప్రాణవాయువును, గుండెకొట్టుకొనుటను ఒక్కసారిగా యంత్రములపై కనిపెట్టుచుండును. ఎడింబరో పక్షము, లండను పక్షము ఒకే గదిలో సమాధానపడినవి. ఇరువురు చెప్పినదానిలోను నిజమున్నది. రెండవవాని నిజమును త్రోసివేయుటయే తప్పు.

హైదరాబాదునకు పోవు మన విద్యార్థులు మూసీనది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనమును చూడవచ్చును. లారీగారు పనిచేసిన అఫ్జల్‌గంజి ఆసుపత్రి 1908 నాటి మూసీ వరదకు గురియాయెను. వారు నడపిన పాఠశాలయే తరువాత ఉస్మానియా వైద్య కళాశాలగా పెరిగినది. దాని ముందు నిలిచినప్పుడు, సందేహించువానిని ఇంటికి పిలిచి చూపిన ఆ ధైర్యమును గౌరవింపుడు. మా విద్యార్థులలో రేపు వైద్యులగువారు ఆ ధైర్యమును నేర్చుకొందురు గాక. వారు చేయజాలని రెండవ పనిని, అనగా సాక్ష్యము తమకు ప్రతికూలముగా వచ్చినప్పుడు తల వంచుటను సయితము నేర్చుకొందురు గాక. ఏలయనగా, వైద్యుని పట్టుదలకును రోగి ప్రాణమునకును పోటీ వచ్చినచో, గెలువవలసినది రోగి ప్రాణమే.