నెక్కొండ అడవిలో రాజా దీన్‌దయాళ్

నిజాము దర్బారు వైభవమును ఛాయాచిత్రములలో నిలిపిన కళాకారుడుగా రాజా దీన్‌దయాళ్ పేరు లోకవిదితము. ఆయన చిత్రశాలకును ఓరుగల్లు సీమలోని అడవులకును గల సంబంధమును ఎరిగినవారు మాత్రము తక్కువ.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపమునగల సర్ధానా పట్టణమున ఒక జైన కుటుంబమునందు జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యాభ్యాసము చేసి, 1866లో ఇండోర్ నగరమున ప్రభుత్వ మరామత్తు శాఖలో అంచనాలు కట్టి నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. 1874 ప్రాంతమున ఛాయాచిత్రకళను చేపట్టినపుడు ఆ వృత్తియే ఆయనకు పెట్టుబడి అయ్యెను. భవనమైనను, కొండయైనను ఏ కోణమునుండి చూచినచో దాని నిజప్రమాణము తెలియునో ఆ కంటికి అలవడియుండెను.

1880ల మధ్యకాలమున ఆయన హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ఆదరించి, ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుదమునొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సికింద్రాబాదున ఆయన చిత్రశాల వెలసెను. పరదాలోనుండు స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాల ఏర్పడెను. 1897లో విక్టోరియా రాణి ప్రభుత్వ గుర్తింపు సైతము ఆయనకు లభించెను.

ఆ దినములలో అడవిని చిత్రించుట సులభకార్యము కాదు. బరువైన కెమెరాను, ముక్కాలిపీటను, పగులు భయముగల గాజుపలకలను మోసికొని పోవలెను. చెట్లనీడలో వెలుతురు చాలదు. వెలుతురు తగ్గినకొలది బింబము పలకపై నిలుచుటకు ఎక్కువ వ్యవధి కావలెను. కొండయు, చెరువును కదలక నిలుచును. పొదలలో మెదలు పులి నిలువదు. కావుననే ఆనాటి ఛాయాచిత్రములలో కానవచ్చు పులి సాధారణముగా ప్రాణములేని పులియే.

1902 ఏప్రిల్ మాసమున రాజప్రతినిధి కర్జన్ ప్రభువు వరంగల్ జిల్లాలోని నెక్కొండ ప్రాంతమున వేటాడెను. ఆ వేటను దీన్‌దయాళ్ చిత్రశాలవారు చిత్రించిరి. వేటకాండ్ర పరాక్రమమునకు గురుతుగా ఉండవలెననియే అట్టి చిత్రములు తీయబడెను. పలక మాత్రము పోషకుని కోరికనే కాక, ఎదుట నున్న దానినంతను గ్రహించినది. అతిథుల ఠీవితోపాటు నేలకూలిన మృగమును, దానికి ఆశ్రయమైన అడవియు అందు నిలిచిపోయినవి. నాడు గర్వకారణమైన దృశ్యము నేడు నష్టమునకు సాక్ష్యముగా కానవచ్చుచున్నది. చిత్రకారుడు తీర్పు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్లు చూపెను. ఆ నిజాయితీవలననే తీర్పు చెప్పు అధికారము తరువాతి తరములకు దక్కినది.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించెను. మరుసటి యేడు 1905 జూలై 5వ తేదీన బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూసెను. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను.

నెక్కొండకు అనతిదూరమున, కాకతి గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దిలో కట్టబడిన పాకాల చెరువు కలదు. దాని చుట్టునున్న అడవి 1952లో వన్యప్రాణి అభయారణ్యమయ్యెను. వేట చిత్రమునకును ఆ రక్షణకును నడుమ అర్ధశతాబ్ది గడచినది. పాత చిత్రమును చూచు విద్యార్థి మధ్యనున్న దొరల ముఖములను మాత్రమే కాక, అంచులలో మిగిలిన చెట్లను సైతము చూడనేర్చినచో, ముసవ్విర్ జంగ్ శ్రమకు అదియే తగిన గౌరవము.