మెదకు దేవాలయమును కట్టించిన పాస్నెట్ దొరగారు

ధ్యాన భాగము: 2 రాజులు 12:4-15



యోవాషు రాజు దినములలో యెరూషలేము మందిరము శిథిలమై యుండెను. కానుకలు వచ్చుచునే యుండెను గాని, రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు యాజకులు ఆ పగుళ్లను బాగు చేయించలేదు. అప్పుడు యెహోయాదా అను యాజకుడు ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రము చేసి, బలిపీఠము దగ్గర పెట్టెను. ప్రజలు అందులో వేసిన ద్రవ్యము వడ్లవారికిని, రాతి పనివారికిని కూలిగా ముట్టెను. వారు నమ్మకముగా పని చేసిరి గనుక ఎవరును వారిని లెక్క అడుగలేదు. ఒక మందిరము నిలిచి యుండుటకు ఒక పెట్టెయు, నమ్మకమైన చేతులును చాలునని ఈ భాగము మనకు నేర్పుచున్నది.

నిరుటి పంట పండుగలో మా గ్రామ సంఘమునకు వచ్చిన కానుకల విషయమై మా పెద్దలలో వాదము కలిగెను. గుడి కప్పు కారుచున్నది, వాన కురిసిన ఆదివారము పిల్లలనందరిని ఒక మూలకు చేర్చి ఆరాధన జరుపవలసి వచ్చుచున్నది, కాబట్టి ఈ సొమ్ము కప్పునకే చెల్లవలెనని కొందరనిరి. సంఘములో ఇద్దరు విధవరాండ్రకు పూట గడవక యుండగా పెంకులకు రూపాయలు పోయుట దేవుని కిష్టమా యని మరి కొందరు అడిగిరి. రెండు మాటలును మాకు న్యాయముగానే తోచెను. ఏ మాట చెప్పినను సగము సంఘము నొచ్చుకొనును. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. అప్పుడు మాకు మెదకు పాస్నెట్ దొరగారి జీవితము జ్ఞాపకము వచ్చెను. దానినే మీ ముందు పెట్టుచున్నాము.

చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇంగ్లాండు దేశస్థులు. వెస్లియను మెథడిస్టు మిషను పక్షమున 1895వ సంవత్సరములో సికింద్రాబాదు చేరిరి. మన కరీంనగరు, లక్సెట్టిపేట ప్రాంతములకు సువార్త తెచ్చినదియు ఆ మిషనే. వారికి మొదట అప్పగింపబడిన పని తిరుమలగిరి దండులోని ఆంగ్ల సిపాయిల మధ్య నుండెను. అక్కడ తమ భాష మాటలాడు జనమే యుండిరి, తమ దేశపు పద్ధతిలో ఆరాధన జరుగుచుండెను. అయినను వారికి ఆ పనిలో తృప్తి కలుగలేదు. పల్లెల వైపు చూచి 1896లో మెదకునకు వచ్చిరి. సికింద్రాబాదు నుండి గోదావరి వైపునకు రైలు దారి అప్పటికింకను పడలేదు. మెదకు ప్రాంతమంతటిలో క్రైస్తవులు రెండు వందల మందికి మించి లేరు. వారు కూడి ప్రార్థించుకొనినది ఒక చిన్న కప్పు క్రింద.

ఇచ్చట మనము గమనింపవలసినది ఒకటి యున్నది. దొరగారు మెదకునకు వచ్చినది 1896లో, పెద్ద దేవాలయము పని మొదలు పెట్టినది 1914లో. నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచెను. ఆ పదునెనిమిది సంవత్సరములును వారు రాళ్లను కాక మనుష్యులను పోగు చేసిరి. పల్లె పల్లెకు వెళ్లిరి. మాల వాడలలోను మాదిగ వాడలలోను కూర్చుండిరి. రోగులకు మందు, పిల్లలకు బడి ఏర్పడెను. వారి సహోదరి ఎమిలియా పాస్నెట్ దొరసానిగారు కూడ మెదకునకు వచ్చి స్త్రీల మధ్య సేవ చేసిరి. పల్లె సంఘములకు ఉపదేశకులు కావలెను గనుక ఈ దేశపు వారికే మెదకులో తర్ఫీదు నిచ్చి పంపిరి. సంఘములు పెరిగెను. ఆ చిన్న కప్పు చాలదాయెను. పాత్ర నిండి పొరలిన తరువాతనే పెద్ద పాత్రను వెదకిరని దీని భావము. గుడి ముందు కట్టి జనము కొరకు ఎదురు చూచుట వారి పద్ధతి కాదు.

1914వ సంవత్సరము ఎట్టిదో మీకు తెలియును. ఆ యేడే మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమాయెను. ధరలు పెరిగెను. 1918లో వానలు తప్పి దక్కను దేశమంతట కరవు పడెను. ఆ యేడే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఊళ్లకు ఊళ్లను పడగొట్టెను. చెరువులు ఎండిన పల్లెలలో కూలివానికి పని యెక్కడిది? పని లేనివానికి గింజ యెక్కడిది? అట్టి దినములలో మెదకులో రాతి మీద రాయి లేచుచుండెను.

ఆకలిగా నున్న జనుల మధ్య ఇంత పెద్ద గుడి కట్టుట తగునా యని నేడు వినువారు అడుగవచ్చును. మా పెద్దలు అడిగినదియు ఈ ప్రశ్నయే. అయితే దొరగారు ఆ రెంటిని రెండు పనులుగా చూడలేదు. కరవు బాధ పడు జనులను పనికి పిలిచి, చేసిన పనికి ప్రతిఫలముగా తిండికి దారి చూపిరి. రాళ్లు మోసినవారికి, డంగుసున్నము నూరినవారికి, తట్ట లెత్తినవారికి ఆ పూట పొయ్యి వెలిగెను. మెదకు గుడి అన్నము పెట్టిన గుడి యని ఆ ప్రాంతపు వృద్ధులు నేటికిని చెప్పుకొనుట ఇందువలననే.

దీని విలువ తెలియవలెనన్న ఆ కాలపు నైజాము రాజ్యములోని పల్లెను తలంచుకొనవలెను. దొర యను మాట వినినప్పుడు మన తాతలకు జ్ఞాపకము వచ్చినది వెట్టిచాకిరి. దేశ్‌ముఖు గడి గోడకు మట్టి మోసినవానికి కూలి లేదు, అడుగుటకు నోరు లేదు. అట్టివానినే ఇక్కడ పిలిచి పని యిచ్చిరి, ఆ పనికి ఫలమిచ్చిరి. ఊరక ధర్మము చేసిన యెడల ఆ పూట కడుపు నిండియుండును గాని తల వంగియుండును. పని చేసి తిన్నవాడు తల యెత్తుకొని నిలిచెను. అంతే కాదు, ఆ గోడ తనదాయెను. గడి వైపు చూచుటకు భయపడినవాడు ఈ గోడను తన బిడ్డకు చూపి, ఈ వరుసలో నేను మోసిన రాయి యున్నదని చెప్పగలిగెను.

పది సంవత్సరముల పని ముగిసి, 1924 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున, దేవాలయము ప్రతిష్ఠింపబడెను. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బది యైదు అడుగుల గంట గోపురము. ఒక్కసారి అయిదు వేల మంది కూర్చుండి ఆరాధింపవచ్చును. చిన్న కప్పు క్రింద ప్రార్థించిన మాలలు, మాదిగలు, వారి పిల్లలు ఆ బూడిద రంగు రాతి స్తంభముల నడుమ చదరపు బిళ్లల నేల మీద కూర్చుండిరి. ఊరి బయట నుండవలెనని చెప్పబడిన జనులకు ఆ ప్రాంతములోనే మిక్కిలి ఎత్తయిన కప్పు కలిగెను. కట్టడపు సొమ్ములో చాల భాగము పరదేశపు విశ్వాసుల కానుక యనుట సత్యమే. అయితే ఆ బరువు మోసిన భుజములు ఇక్కడివి.

ఆ దినమున గుడి పూర్తి కాలేదు. బలిపీఠము వెనుకనున్న రంగుటద్దముల కిటికీ, మన ప్రభువు ఆరోహణమును చూపునది, 1927లో అమర్చబడెను. దానిని చిత్రించినవారు ఇంగ్లాండు చిత్రకారులైన ఫ్రాంక్ సాలిస్బరీ గారు. ప్రభువు జననమును చూపు కిటికీ 1947లో వచ్చెను. దక్షిణ ఇండియా సంఘము సెప్టెంబరు 27న ఏర్పడినది ఆ సంవత్సరములోనే. అప్పటికి పాస్నెట్ దొరగారు నలుబది ఏండ్లకు పైబడిన సేవ ముగించి స్వదేశము చేరియుండిరి. 1950లో వారు ప్రభువునందు నిద్రించిరి. సిలువను చూపు మూడవ కిటికీ అమర్చబడినది 1958లో. దానిని వారు చూడలేదు. కట్టించినవాడు కన్నులు మూసిన తరువాత కూడ గుడి పని నడచుచునే యుండెను. గుడి పని ఎన్నడును ముగియదని, ఒక తరము మొదలు పెట్టినదానిని మరియొక తరము అందుకొనవలెనని ఇందువలన తెలియుచున్నది.

మేము మా సంఘస్థులు కొందరిని వెంటబెట్టుకొని సిద్దిపేట మీదుగా మెదకు వెళ్లితిమి. వెలుపల నుండి చూచిన ఆ కిటికీలు నల్లగా, కళ లేక యుండెను. లోపలికి వెళ్లి చూచినప్పుడు సూర్యుని వెలుగు వాటి గుండా వచ్చి రంగులన్నియు మెరసెను. పొద్దు గుంకిన తరువాత లోపలి దీపము లెన్ని వెలిగించినను ఆ బొమ్మలు కనబడవు. సంఘము కూడ అట్టిదే. బయట నిలిచి లెక్కలు వేయువానికి అది ఒక కర్చుగా కనబడును, లోపలికి వచ్చినవానికి వెలుగుగా కనబడును. ఆ వెలుగైనను మనది కాదు, పైనుండి వచ్చునది.

2024 డిసెంబరు 25తో ఆ దేవాలయమునకు నూరేండ్లు నిండెను. దానిని కట్టించిన మిషను దొరలు ఇప్పుడు లేరు. ఎండకు, వానకు రాయి వెలయును, అతుకులు వదులును, పావురములు గూళ్లు పెట్టును. ఆ పెద్ద గుడికైనను మన చిన్న గుడికైనను కావలి మనమే. పరదేశపు కానుకతో గోడ లేవవచ్చును. అది నిలిచియుండుట మాత్రము ప్రతి ఆదివారము దానిలో కూర్చుండువారి చేతిలో నున్నది.

మెదకు నుండి వచ్చిన తరువాత మా పెద్దలు మరల కూడిరి. ఈసారి వాదము లేదు. గుడి తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టితిమి. పంట పండుగ సొమ్ముతో పెంకులు, వాసములు కొంటిమి. ఊరి సుతారికి తోడుగా సంఘములోని పేద యిండ్ల వారినే కూలికి పెట్టితిమి. పూట గడవని విధవరాండ్రలో ఒకామె కుమారుడు పెంకులందించి ఆ వారము దినముల కూలి ఇంటికి తీసికొని పోయెను. రెండవ ఆమె ముసలిది, ఆమె యింట పనికి వెళ్లువారు లేరు. ఆమెకు స్త్రీల కూటమి వారు కూర్చు పిడికెడు బియ్యము నుండి నెలనెలా ఇచ్చుటకు తీర్మానించితిమి. మిరుగు చొరకముందే కప్పు సరి ఆయెను. మొదటి వానకు పిల్లలు తమ చోటనే కూర్చుండిరి. ఆ ముసలి తల్లియు వచ్చి వారి వెనుక కూర్చుండెను.

ప్రియులారా, మీ సంఘములోను ఇట్టి వాదము రావచ్చును. కప్పా, కడుపా యని అడుగకుడి. కప్పు పనిలోనే ఆకలిగొన్నవానికి కూలి దొరకునట్లు చూడుడి. పని చేయలేనివారిని మరువకుడి. ఏటేట మిరుగునకు ముందు కప్పు ఎక్కి ఆకులు ఊడ్చుడి. గోడలో రావి మొలక కనబడిన చిన్నదిగా నున్నప్పుడే పెరికివేయుడి, అది మ్రానైన గోడను చీల్చును. సంఘములో పుట్టిన పగుళ్లును అట్టివే.

ప్రార్థన: ప్రభువా, మాకు ముందు నడచిన నీ దాసుని కొరకును, పేరు తెలియని రాతి పనివారి కొరకును, తట్టలు మోసిన తల్లుల కొరకును నీకు స్తోత్రములు. వారు నిలిపినదానిని కాపాడు చేతులను మా కిమ్ము. మా గుడి తలుపు ఆకలిగొన్నవానికి మూయబడకుండునట్లు మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.