యుద్ధానికి డబ్బు ఎవరినడిగి? - ఆంధ్రకేసరి జీవితంలో ఒక ఘట్టం

ప్రకాశం పంతులు గారి పేరు చెప్పగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ రోజున తుపాకీకి ఎదురు నిలిచిన సంఘటనే అందరికీ గుర్తొస్తుంది. ఆయన మంత్రి పదవి వదులుకుని జైలుకు వెళ్లిన కథ అంతగా చెప్పుకోరు.

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ బతుకేమిటో మన హాస్టల్ మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు. గురువు హనుమంతరావు నాయుడు గారి ఆదరణతో రాజమండ్రిలో చదివి, ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. బాగా సంపాదించారు. అదంతా వదిలి 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు.

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1919 చట్టం ప్రకారం సైన్యం ఖర్చును ఆ సభలో ఓటుకు పెట్టరు. బడ్జెట్ వేళ దానిపై చర్చించాలన్నా గవర్నర్ జనరల్ సరేననాలి. అది ఆ రోజుల్లో ఏటా సుమారు 55 కోట్ల రూపాయలు! సభ కాదన్న పన్నుల బిల్లును కూడా ఆయన తన అధికారంతో చట్టం చేయగలడు. కేంద్రానికి చేరే డబ్బులో మన మిరప చేలల్లో కూలి చేసుకునేవాడు కట్టిన ఉప్పు పన్ను కూడా ఉండేది.

1937లో ప్రకాశం గారు మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల కష్టాలపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, 1938లో రైతుల పక్షాన నివేదిక ఇచ్చారు. అది చట్టం కాకముందే 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఏ శాసనసభనూ అడగలేదు. అదే బ్రిటన్‌లో పార్లమెంటు మంజూరు చేయనిదే యుద్ధానికి డబ్బు రాదు. అమెరికాలో సేనాధిపతి అధ్యక్షుడే అయినా ఖజానా కాంగ్రెసుది. 1973లో కంబోడియాపై బాంబుదాడులకు నిధులు ఆపించింది ఆ కాంగ్రెసే.

అక్టోబరు నెలాఖరులో మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక మూలనపడింది. మంత్రులుగా ఉండి ఆ చట్టం తెచ్చి ఉంటే బాగుండేదని అనేవారున్నారు. పాలేరుగా, కౌలుదారుగా బతికిన కుటుంబాల వైపు నుంచి చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం. జమీందారీ రద్దు చట్టం రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

1940 నవంబరులో యుద్ధ ఖర్చుల కోసం తెచ్చిన పన్నుల బిల్లును కేంద్ర శాసనసభ తిరస్కరించింది. అయినా గవర్నర్ జనరల్ దాన్ని చట్టం చేశాడు. సభలో ఓటుకు విలువ లేకపోతే ఇక మిగిలింది వీధి. యుద్ధానికి మనిషినీ ఇవ్వవద్దు, డబ్బూ ఇవ్వవద్దు అని బహిరంగంగా చెప్పడమే గాంధీజీ పిలుపునిచ్చిన వ్యక్తి సత్యాగ్రహం. దక్షిణాదిన అందులో ముందుకొచ్చిన పెద్ద నాయకుడు ప్రకాశం గారే. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బయ్యేళ్లు. 1942లో మళ్లీ అరెస్టయి సుమారు మూడేళ్లు జైల్లో ఉన్నారు.

1950 రాజ్యాంగంతో రక్షణ శాఖ ఖర్చుకు కూడా లోక్‌సభ ఓటు తప్పనిసరి అయింది. చర్చ లేకుండా గబగబా ఆమోదించే ఏడాదులూ ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

1953లో ఆయన ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడు శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడి, పదవి దిగిపోయారు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు.