ఆర్జనను ధారపోసిన మహాత్మా జోతిరావు ఫూలే

తరతరాలుగా విద్యకు, సంపదకు దూరమైన ప్రజల అభ్యున్నతికి స్వార్జితాన్ని ధారపోసిన మహనీయుడు జోతిరావు ఫూలే. సంస్కర్తగా ఆయన లోకప్రసిద్ధుడు. వ్యాపారిగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

1827 ఏప్రిల్ 11న పుణేలో, పూల వ్యాపారం చేసే మాలీ కుటుంబంలో ఆయన జన్మించారు. శైశవంలోనే తల్లిని కోల్పోయారు. స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదివారు. 1848లో ఒక మిత్రుని పెళ్ళి ఊరేగింపులో కులం కారణంగా అవమానం పొందారు. అదే సంవత్సరం బాలికలకు పాఠశాల తెరిచారు. అందులో ఆయన ధర్మపత్ని సావిత్రీబాయి ఉపాధ్యాయిని అయినారు. అనంతరం అస్పృశ్యులుగా పరిగణింపబడిన మహార్, మాంగ్ కులాల పిల్లలకు పాఠశాలలు వెలిశాయి. 1868లో తమ ఇంటి బావిని అస్పృశ్యులకు తెరిచారు.

ఈ కార్యాలకు ధనం ఎక్కడిది? జోతిరావు కాంట్రాక్టరుగా పనిచేశారు. పూనా కమర్షియల్ అండ్ కాంట్రాక్టింగ్ కంపెనీ ద్వారా ఎరవాడ వంతెన వంటి నిర్మాణాలలో పాలుపంచుకున్నారు. ఆ రాబడి సమాజసేవకు ఊతమయింది. కూలీల కష్టాన్ని దగ్గరగా చూసిన ఆయన, ఇంజనీరింగు శాఖలోని లంచగొండితనాన్ని తన రచనలలో ఎండగట్టారు.

1873లో వెలువడిన గులాంగిరీ గ్రంథాన్ని, నీగ్రో బానిసలుగా పిలువబడిన నల్లజాతి ప్రజల విముక్తికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. సముద్రాల ఆవలి బానిసత్వమూ, ఇక్కడి కులవివక్షా ఆయన దృష్టిలో ఒకే దురన్యాయానికి రెండు రూపాలు. అదే ఏడాది సెప్టెంబరు 24న సత్యశోధక సమాజాన్ని స్థాపించారు.

తెలుగువారు గర్వించదగిన విషయం ఒకటుంది. బొంబాయిలో కాంట్రాక్టులు చేసి స్థితిమంతులైన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగు ప్రముఖులు ఆ సమాజానికి అండగా నిలిచారు. వ్యాపారం వారి చేతిలోనూ ఉద్యమానికి ఆధారమయింది.

1888 మే 11న బొంబాయిలోని సభలో ప్రజలు జోతిరావును మహాత్మ బిరుదంతో సత్కరించారు. ఆ ఏడాదే పక్షవాతం సోకగా ఎడమ చేతితో తుది గ్రంథాన్ని రచించారు. చివరి రోజులు ఆర్థికపు ఇబ్బందులలో గడిచాయి. 1890 నవంబరు 28న పరమపదించారు.

సంపాదించినవాడు మిగుల్చుకున్నది స్వల్పం. సమాజానికి మిగిల్చినది అనంతం. తెలుగు, మరాఠీ కలిసి వర్ధిల్లే హిమాయత్‌నగర్ వంటి సరిహద్దు సీమలోని విద్యార్థులకు ఆయన జీవితం ఎల్లప్పుడూ మార్గదర్శకం. తాము చదివిన చదువు, తాము ఆర్జించే ధనం వెనుకబడిన వారికి ఆసరా కావాలన్నదే ఆ జీవితం నేర్పే పాఠం.