ఆంధ్రకేసరి శాసనసభా జీవితము

ప్రజానాయకుని గొప్పతనమును పదవిలో గడపిన సంవత్సరముల లెక్కతో కొలుచుట లోకమునకు అలవాటు. అమెరికాలో సెనేటు సభ్యుని కాలపరిమితి ఆరు వత్సరములు. మరల మరల ఎన్నికై ముప్పది, నలువది యేండ్లు ఆ సభలోనే గడపినవారు అచ్చట కలరు. ఈ కొలతకు టంగుటూరి ప్రకాశము పంతులుగారు నిలువరు. మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా ఆయన యుండినది పదునొకండు మాసములకు తక్కువ. ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా యుండినది పదుమూడు మాసములు. రెండును కలిపి రెండు వత్సరములు. అయినను ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టిరి. విజయవాడకడ కృష్ణపై 1957లో పూర్తియైన బ్యారేజీయు ఆయన పేరనే నిలిచియున్నది. ఇందుకు కారణమేమో మన మండలముల పాఠకులతో కలసి విచారింపదలచితిమి.

1872 ఆగష్టు 23వ తేదీన ఒంగోలు సమీపమునందలి వినోదరాయునిపాలెమున ఆయన జన్మించెను. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించెను. ఇమ్మానేని హనుమంతరావునాయుడను ఉపాధ్యాయుడు బాలుని చేరదీసి, రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదువు చెప్పించెను. నాటకములయందు వేషములు వేసిన ఆ బాలుడే పెద్దవాడై ప్లీడరయ్యెను. రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1904లో ఇంగ్లండునకేగి, బారిష్టరై 1907లో మరలి వచ్చి, మదరాసు హైకోర్టులో పేరును, పెన్నిధిని గడించెను.

1921లో గాంధీమహాత్ముని పిలుపున ఆ వృత్తిని విడిచిపెట్టెను. అదే సంవత్సరమున స్వరాజ్య పత్రికను స్థాపించి, న్యాయవాదిగా ఆర్జించిన ధనమును అందు ధారవోసెను. ఆ పత్రికవలన దేశమునకు మంచి పత్రికారచయితలు లభించిరి. ఆయనకు మిగిలినవి అప్పులు. లెక్క చూచుకొనని ఆ ఔదార్యము పిమ్మట ఆయనను పలుమారు చిక్కులలో పడవైచినది. ప్రజలు సమర్పించిన నిధిని స్వంత వ్యయమునకు వాడుకొనినందులకు మహాత్ముడే ఆక్షేపించెను. కీర్తిని చెప్పి దీనిని దాచుట చరిత్రకు న్యాయము గాదు.

1926లో పంతులుగారు కేంద్ర శాసనసభకు ఎన్నికై ఢిల్లీకేగెను. సభలో వాదించుట ఎరిగినవాడే గాని, సభయే సర్వస్వమని ఆయన ఎన్నడును తలపలేదు. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘమును బహిష్కరించుచు మదరాసు వీధులలో ప్రజలు గుమిగూడినపుడు పోలీసులు కాల్పులు జరిపిరి. మృతుని చూడబోయిన పంతులుగారికి తుపాకి అడ్డుపడగా, అంగీ తొలగించి రొమ్ము చూపెను. ఆంధ్రకేసరియను బిరుదము ఆనాటిది. 1930లో ఉప్పు సత్యాగ్రహము రాగా కేంద్రసభా స్థానమునకు రాజీనామా నొసంగి చెరసాల చేరెను.

అయితే ఆయన శాసనసభా జీవితమున మిక్కిలి విలువగల భాగము జమీందారీ విచారణయని మా అభిప్రాయము. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున ఆయన రెవిన్యూ మంత్రి. 1802వ సంవత్సరపు శాశ్వత పరిష్కారము ప్రకారము జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు మొత్తము శాశ్వతముగ స్థిరపడినది. రైతు జమీందారునకు చెల్లింపవలసిన శిస్తు మాత్రము అట్లు స్థిరపడక, తరతరమునకు పెరుగుచు వచ్చినది. 1908వ సంవత్సరపు ఎస్టేటు భూముల చట్టము సాగుబడి హక్కును కొంత కాపాడినను, భూమి ఎవరిదను మూలప్రశ్నను తేల్చలేదు. గుంటూరు మండలమున రైతువారీ పద్ధతిని పత్తియు మిరపయు పండించు కర్షకునకు ఈ బాధ అంతగా తెలియకపోవచ్చును. పొరుగున నెల్లూరు మండలమునందలి వేంకటగిరి జమీందారీ రైతునకు ఇది నిత్యజీవన సమస్య.

పంతులుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము సాక్ష్యములు గైకొని, 1938లో తన నివేదికను సమర్పించెను. భూమికి స్వామి రైతే. జమీందారు శిస్తు వసూలు చేయు మధ్యవర్తి మాత్రమే. శిస్తులను 1802 నాటి మట్టమునకు తగ్గింపవలెను: ఇది దాని సారము. పూటకూళ్లింటి బిడ్డ రాజాస్థానముల దస్తావేజులను ముందిడుకొని, నూటముప్పదియేండ్లుగ పాతుకొనిన హక్కును ప్రశ్నించెను. 1939లో యుద్ధకారణమున మంత్రివర్గము రాజీనామా చేయుటచే చట్టము రాలేదు. ఎస్టేటుల రద్దు చట్టము 1948లో వచ్చునాటికి ఆయన అధికారమున లేడు. విత్తినవాడొకడు, కోసినవారు వేరొకరు.

1942 ఉద్యమమున మూడేండ్లు చెరసాలలో గడపి వచ్చిన పిదప, 1946 ఏప్రిలు 30న ఆయన మదరాసు ప్రధాని యయ్యెను. కాంగ్రెసు పెద్దలు రాజగోపాలాచారిగారిని కోరిరి. శాసనసభా పక్షము అంగీకరింపలేదు. ఫిర్కాభివృద్ధి పథకమును ఆరంభించెను. ఖద్దరుకొరకు క్రొత్త నూలుమిల్లుల విస్తరణమును నిరోధించి, వర్తకులకును స్వపక్షమునందే అనేకులకును విరోధియయ్యెను. ఊరి పత్తి ఊరిలోనే నూలుకావలెనను కోరిక మంచిది. ప్రజల వస్త్రపు కొరతను అది ఎట్లు తీర్చునో ఆయన నమ్మకముగ చూపలేకపోయెను. 1947 జనవరిలో కమ్యూనిస్టులపై ప్రయోగించిన ఆర్డినెన్సును సమర్థించుట మాకు సాధ్యము గాదు. విచారణలేని నిర్బంధము విదేశీయుడు చేసిన తప్పు, స్వదేశీయుడు చేసిన ఒప్పు కానేరదు. ఆ మార్చి 23వ తేదీకే స్వపక్షపు కక్షలు ఆయనను దింపినవి.

1951లో కాంగ్రెసును వీడిన పంతులుగారు, 1953లో మరల చేరి, అక్టోబరు 1వ తేదీన ఎనుబదియొక్క యేండ్ల వయస్సున తొలి ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను. ఈ రాకపోకలు ఆయనను అభిమానించినవారికి సయితము మింగుడుపడలేదు. కాని రాయలసీమ సోదరులతో 1937లో చేసికొన్న శ్రీబాగు ఒడంబడిక నీటిమీది వ్రాత కారాదని నిశ్చయించి, కర్నూలు రాజధానిగను, గుంటూరు హైకోర్టు స్థానముగను ఏర్పడునట్లు చేసెను. కోస్తాలో పలువురకు ఇది రుచింపలేదు. స్వస్థలాభిమానమును అతడు జయించెనని మేమందుము. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినది. ఆ నవంబరులో మద్యనిషేధ ప్రశ్నపై సభలో ఒక్క వోటుతో ఆయన ప్రభుత్వము పడిపోయినది. కల్లుగీతవారి బ్రదుకుతెరువు ఒకవంక, గాంధీసిద్ధాంతము ఒకవంక. రెంటికిని పొత్తు కుదుర్చు ఓర్పు ఆయన స్వభావమున లేదు.

1957 మే మాసమున, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలో మండుటెండను తిరిగి వడదెబ్బ తగిలి, హైదరాబాదున 20వ తేదీన కన్నుమూసెను. లక్షలు గడించిన ఆ బారిష్టరు దాచి విడిచిన ధనమేమియు లేదు.

పక్షమును కూడగట్టుట, లెక్కలు వ్రాయుట, విరోధిని ఓర్పుతో వినుట: ఈ మూటను ఆయన వద్ద నేర్చుకొనజాలము. భయములేకుండుట, పదవి చేజారునేమో యని మాట మార్చకుండుట: ఈ రెంటిని నేర్చుకొనవచ్చును. విగ్రహమునకు పూలమాల వేయువారు ఆ జమీందారీ నివేదికను కూడ ఒకమారు తెరచి చూడవలెనని మా కోరిక. దున్నువాని చేతికి హక్కు కాగితము వచ్చినదా, రాలేదా యని నేటికిని పొలము గట్టున అడుగవలసిన కౌలురైతులు మన పత్తి, మిరప మండలములందు అనేకులు కలరు. వారి పక్షమున శాసనసభలో ఆ ప్రశ్నను అంత నిర్భయముగ అడుగువాడే ఆయనకు నిజమైన వారసుడు.