లెటా హాలింగ్‌వర్త్

లెటా స్టెటర్ హాలింగ్‌వర్త్ (మే 25, 1886 - నవంబర్ 27, 1939) ప్రసిద్ధ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, విద్యావేత్త. స్త్రీల మనస్తత్వాన్ని విశ్వవిద్యాలయంలో ప్రయోగపద్ధతిన అధ్యయనం చేసిన తొలితరం పరిశోధకులలో ఈమె ఒకరు. స్త్రీలు స్వభావసిద్ధంగానే పురుషులతో సమానమైన ప్రతిభకు నోచుకోలేదని, ఋతుకాలంలో వారి మానసిక శక్తులు సన్నగిల్లుతాయని ఆనాటి పండితలోకంలో బలమైన నమ్మకాలుండేవి. ఈమె వాటిని కొలతలతోను, పరీక్షలతోను శోధించి, వాటికి తగిన ఆధారాలు లేవని చూపించింది. తరువాతి కాలంలో ప్రతిభావంతులైన బాలల విద్యకు సంబంధించి కూడా ఈమె విశేషమైన కృషి చేసింది.

బాల్యం

లెటా అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, చాడ్రన్ పట్టణ సమీపంలోని ఒక పల్లెప్రాంతంలో జన్మించింది. అప్పుడప్పుడే వలసదారులు వచ్చి స్థిరపడుతున్న ప్రాంతమది. తల్లి మార్గరెట్, తండ్రి జాన్ స్టెటర్. ముగ్గురు ఆడపిల్లలలో ఈమె పెద్దది. మూడవ బిడ్డ పుట్టిన సమయంలోనే తల్లి మరణించింది. అప్పటికి లెటాకు నాలుగేళ్ళైనా నిండలేదు. పెద్దకూతురు పుట్టిన మొదటి సంవత్సరంలో ఆ పాప ఎదుగుదలను తల్లి ఒక పుస్తకంలో రాసిపెట్టింది. తల్లి జ్ఞాపకంగా లెటాకు మిగిలినవాటిలో ముఖ్యమైనది ఆ పుస్తకమే.

తల్లి పోయిన తరువాత పిల్లలు సుమారు పదేళ్ళపాటు అమ్మమ్మ, తాతయ్యల వద్ద పెరిగారు. తండ్రి మరల వివాహం చేసుకొని పిల్లలను వాలెంటైన్ అనే పట్టణానికి తీసుకొనివెళ్ళాడు. సవతితల్లి వద్ద లెటా చాలా కష్టాలు పడింది. ఆ ఇంటి వాతావరణంలో చదువే ఆమెకు ఊరట అయింది. 1902లో, పదహారేళ్ళ వయసులో, వాలెంటైన్‌లో ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసింది.

విద్యాభ్యాసం, ఉపాధ్యాయవృత్తి

అదే సంవత్సరం లింకన్ నగరంలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరింది. సాహిత్యం మీద మక్కువతో రచయిత్రి కావాలని ఆశించింది. తన సహాధ్యాయి హ్యారీ లెవీ హాలింగ్‌వర్త్‌తో పరిచయం ఏర్పడింది ఇక్కడే. 1906లో బి.ఏ. పట్టంతోపాటు ఉపాధ్యాయ యోగ్యతాపత్రం కూడా పొందింది. తరువాత రెండేళ్ళు నెబ్రాస్కాలోనే డెవిట్, మెక్‌కుక్ పట్టణాలలోని ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయినిగా పనిచేసింది.

ఈలోగా హ్యారీ న్యూయార్క్ నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెకీన్ కాటెల్ అనే ఆచార్యుని వద్ద మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన ప్రారంభించాడు. 1908 డిసెంబరు 31న లెటా, హ్యారీల వివాహం న్యూయార్క్‌లో జరిగింది.

వివాహం, ఎదురైన ఆటంకాలు

న్యూయార్క్‌లో సులభంగా ఉపాధ్యాయ ఉద్యోగం దొరుకుతుందని లెటా భావించింది. కాని వివాహిత స్త్రీలను ఉపాధ్యాయినులుగా నియమించరాదనే నిబంధన అప్పట్లో ఆ నగర పాఠశాలలలో అమలులో ఉండేది. పట్టభద్రురాలై, రెండేళ్ళ అనుభవం కలిగి కూడా, కేవలం వివాహిత అయినందువల్ల ఆమె ఇంటిపట్టునే ఉండిపోవలసి వచ్చింది. వంట, కుట్టుపని, ఇంటి నిర్వహణతో కాలం గడిచింది. కథలు రాసి పత్రికలకు పంపింది గాని అవి అచ్చుకాలేదు. పై చదువులకోసం ఉపకారవేతనాలకు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. భర్త జీతం చదువు ఖర్చులకు చాలేది కాదు.

స్త్రీలు ఉన్నతస్థానాలకు చేరకపోవడానికి కారణం వారి స్వభావమా, లేక వారు జీవించే పరిస్థితులా? లెటా జీవితంలో ముఖ్యమైన పరిశోధనలన్నిటికీ మూలం ఈ ప్రశ్నే. ఆ ప్రశ్న ఆమెకు గ్రంథాలలో మాత్రమే ఎదురైనది కాదు, న్యూయార్క్‌లోని ఆ ఇంట్లో గడిపిన సంవత్సరాలలో స్వయంగా అనుభవించినది.

1911లో ఒక అవకాశం కలిసివచ్చింది. శీతలపానీయంలో కెఫీన్ కలిపి హాని చేస్తున్నదని అమెరికా ప్రభుత్వం కోకాకోలా కంపెనీపై వ్యాజ్యం నడుపుతున్నది. కెఫీన్ మనిషి మానసిక సామర్థ్యంపై చూపే ప్రభావాన్ని శాస్త్రీయంగా పరీక్షించే పనిని కంపెనీవారు హ్యారీకి అప్పగించారు. 16 మందిపై 40 రోజులపాటు జరిగిన ఈ ప్రయోగాల నిర్వహణలో లెటా ప్రధాన సహాయకురాలు. పరీక్షింపబడేవారికి తాము తీసుకొన్నది కెఫీనో కాదో తెలియకుండా జాగ్రత్త తీసుకోవడం ఈ ప్రయోగాలలోని విశేషం. ఈ పని వలన వచ్చిన పారితోషికంతోనే లెటా పై చదువులకు మార్గం సుగమమైంది.

పరిశోధనలు

లెటా కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో చేరి 1913లో ఎం.ఏ. పట్టం, 1916లో పిహెచ్.డి. పట్టం పొందింది. ఆమె పరిశోధనకు మార్గదర్శి సుప్రసిద్ధ విద్యామనోవైజ్ఞానికుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్. స్త్రీపురుషుల ప్రతిభలోని తారతమ్యం ప్రకృతిసిద్ధమనే వాదాన్ని సమర్థించినవారిలో ఆయన కూడా ఒకడు. ఆ గురువు వద్దనే శిష్యురాలు ఆ నమ్మకాలను పరీక్షకు పెట్టడం గమనార్హం. ఆమె వాదించినది ఆవేశంతో కాదు, అంకెలతో.

ఋతుకాలం - మానసిక సామర్థ్యం

స్త్రీలకు ఉన్నతవిద్య తగదని, అది వారి ఆరోగ్యాన్ని, సంతానశక్తిని చెడగొడుతుందని ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు 1873లో ప్రకటించిన గ్రంథం అమెరికాలో బహుళ ప్రచారం పొందింది. ఋతుకాలంలో స్త్రీ మానసికంగా బలహీనురాలవుతుందని, కాబట్టి బాధ్యతగల వృత్తులకు పనికిరాదని వైద్యులు సైతం రాసేవారు. అయితే ఈ రాతలకు ఆధారం చాలావరకు ఊహలు, రోగుల అనుభవాలు మాత్రమే. ఆరోగ్యవంతులైన స్త్రీలను పరీక్షించి చెప్పినవి అరుదు.

లెటా తన పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసానికి ఈ అంశాన్నే ఎన్నుకొన్నది. మొత్తం 23 మంది స్త్రీలను, పోలిక కోసం ఇద్దరు పురుషులను పరీక్షించింది. వీరిలో కొందరికి కొన్ని నెలలపాటు ప్రతిదినం పరీక్షలు జరిగాయి. వేలితో వేగంగా తట్టడం, చేయి వణకకుండా నిలపడం, రంగుల పేర్లు, వ్యతిరేక పదాలు త్వరగా చెప్పడం, టైపు నేర్చుకోవడం వంటివి ఈ పరీక్షలలో ఉన్నాయి. ఋతుకాలపు దినాలలో స్త్రీల పనితీరు తగ్గినట్లు ఈ ఫలితాలలో ఎక్కడా కనబడలేదు. ఈ వ్యాసం 1914లో గ్రంథరూపంలో వెలువడింది. పరీక్షింపబడినవారి సంఖ్య తక్కువే అయినా, అంతవరకు అభిప్రాయాలతో నడిచిన చర్చను ప్రయోగశాలకు తీసుకొనివచ్చినది ఈ గ్రంథం.

వైవిధ్య పరికల్పన

పురుషులలో వ్యక్తికీ వ్యక్తికీ మధ్య తేడా ఎక్కువని, స్త్రీలు ఎక్కువమంది సగటు స్థాయిలోనే ఉంటారని ఆనాడు ఒక వాదం ఉండేది. దీనిని వైవిధ్య పరికల్పన అనవచ్చు. దీని ప్రకారం మహామేధావులూ మందబుద్ధులూ కూడా పురుషులలోనే ఎక్కువగా ఉంటారు. చార్లెస్ డార్విన్ రచనలలో దీని మూలాలున్నాయి. హావెలాక్ ఎల్లిస్ 1894లో ప్రకటించిన గ్రంథంలో దీనిని విస్తృతంగా ప్రచారం చేశాడు. మేధావుల జాబితాలలో స్త్రీల పేర్లు అతిస్వల్పంగా ఉండడాన్ని, మందబుద్ధుల ఆశ్రమాలలో మగవారు అధికంగా ఉండడాన్ని ఇందుకు నిదర్శనంగా చూపేవారు.

లెటా ఈ వాదాన్ని మూడు వైపులనుండి పరిశీలించింది. మొదటిది, జన్మసమయం. హెలెన్ మాంటేగ్ అనే సహపరిశోధకురాలితో కలిసి 1,000 మంది మగశిశువుల, 1,000 మంది ఆడశిశువుల శరీర కొలతలను పోల్చింది. సామాజిక ప్రభావం సోకకముందే, పుట్టుకతోనే మగవారిలో వైవిధ్యం ఎక్కువన్న వాదం ఈ కొలతలలో నిలబడలేదు. ఈ ఫలితాలు 1914లో వెలువడ్డాయి.

రెండవది, మందబుద్ధుల సంఖ్య. న్యూయార్క్‌లో మందబుద్ధులను పరీక్షించే కేంద్రంలో లెటా బుద్ధిపరీక్షలు జరిపేది. 1914లో పోటీపరీక్ష ద్వారా న్యూయార్క్ నగర ప్రభుత్వోద్యోగంలో నియమితులైన తొలి మనస్తత్వవేత్త ఈమెయే. ఈ ఉద్యోగంలో ఆమె ఒక విషయం గమనించింది. మందబుద్ధి గల బాలుడు బయట పనిలో ఇతరులతో పోటీపడలేక చిన్నవయసులోనే గుర్తింపబడి ఆశ్రమానికి చేరతాడు. అదే స్థితిలోని బాలిక ఇంట్లో అంట్లు తోముతూ, పిల్లలనాడిస్తూ ఏళ్ళతరబడి గడిపేస్తుంది. పోషించేవారు లేకపోయినప్పుడు, పెద్దవయసులో మాత్రమే ఆమె ఆశ్రమానికి వస్తుంది. కాబట్టి ఆశ్రమాలలోని లెక్క ప్రకృతిని కాక సమాజపు అమరికను చూపుతున్నదని లెటా నిర్ధారించింది.

మూడవది, మేధావుల జాబితా. సంతానాన్ని కని పెంచడం, ఇంటిని నిర్వహించడం అనే బాధ్యతలు తరతరాలుగా స్త్రీలకే పరిమితమయ్యాయి. ఆ పనులలో ఎంతటి ప్రతిభ చూపినా దానిని జాబితాలకెక్కించేవారు లేరు. ఆ అవరోధాన్ని లెక్కలోకి తీసుకోకుండా స్త్రీల ప్రతిభను అంచనా వేయడం అశాస్త్రీయమని ఆమె వాదించింది.

ఈ రంగంలో ఈమెకు పూర్వం హెలెన్ థామ్సన్ వూలీ కృషిచేసింది. ఆమె షికాగో విశ్వవిద్యాలయంలో 25 మంది స్త్రీలను, 25 మంది పురుషులను పరీక్షించి 1903లో తన ఫలితాలను గ్రంథంగా ప్రకటించింది. స్త్రీపురుష భేదాలపై వెలువడుతున్న పరిశోధనలను సమీక్షిస్తూ లెటా కూడా శాస్త్రపత్రికలలో వ్యాసాలు ప్రకటించింది.

మాతృత్వం గురించి

1916లో ఒక సమాజశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసంలో లెటా మరొక సాహసం చేసింది. మాతృత్వకాంక్ష ప్రతి స్త్రీలోనూ సమానంగా, సహజంగా ఉంటుందన్న భావనను ప్రశ్నించింది. చట్టం, మతవిశ్వాసం, విద్య, కళ, ప్రజాభిప్రాయం మొదలైనవాటి ద్వారా సమాజం స్త్రీలను సంతానం వైపు ఎలా పురికొల్పుతుందో సోదాహరణంగా వివరించింది. యుద్ధానికి సైనికులను సిద్ధపరచే పద్ధతులతో దీనిని పోల్చింది. లెటా, హ్యారీలకు సంతానం లేదు.

ఆచార్యపదవి, స్త్రీల ఉద్యమం

1916లో టీచర్స్ కాలేజీ అధ్యాపకురాలు నయోమి నార్స్‌వర్తీ మరణించగా ఆ స్థానంలో లెటా నియమితురాలైంది. 1929లో పూర్తిస్థాయి ఆచార్యురాలైంది. మరణించేవరకు ఆ కాలేజీలోనే బోధించింది. ఒకనాడు వివాహిత అన్న కారణంతో ఆమెకు బడిలో పాఠం చెప్పే అవకాశమివ్వని నగరంలోనే ఎందరో ఉపాధ్యాయులకు గురువైంది.

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ ప్రాంతంలో స్వతంత్రభావాలు గల స్త్రీలు 1912లో ఏర్పరచుకొన్న హెటరోడాక్సీ అనే సంఘంలో ఈమె సభ్యురాలు. స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో కూడా పాల్గొన్నది. న్యూయార్క్ రాష్ట్రంలో స్త్రీలకు 1917లో, దేశవ్యాప్తంగా 1920లో ఓటుహక్కు లభించింది.

ప్రతిభావంతులైన బాలలు

మందబుద్ధులుగా భావించి తీసుకొనివచ్చిన పిల్లలలో కొందరు నిజానికి సామాన్యమైన బుద్ధి గలవారేనని, వారి బాధ సర్దుబాటుకు సంబంధించినదని లెటా గ్రహించింది. ఈ అనుభవం ఆమెను కౌమారదశ అధ్యయనంవైపు నడిపింది. మరొకవైపు, అసాధారణ ప్రజ్ఞ గల పిల్లలు మామూలు తరగతులలో విసుగుతో, ఒంటరితనంతో ఇబ్బందిపడుతుంటారని ఆమె గమనించింది. 1922లో న్యూయార్క్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇటువంటి పిల్లలకు ప్రత్యేక తరగతులు ఏర్పాటుచేసి, తరువాత ఎన్నో ఏళ్ళపాటు వారి అభివృద్ధిని పరిశీలించింది. 1936లో ప్రారంభమైన స్పేయర్ పాఠశాల ప్రయోగం ఈ కృషికి కొనసాగింపు.

ప్రధాన రచనలు

మందబుద్ధి గల బాలల మనస్తత్వంపై 1920లో, ప్రత్యేక సామర్థ్యాలు, లోపాలపై 1923లో, ప్రతిభావంతులైన బాలలపై 1926లో, కౌమార మనస్తత్వంపై 1928లో ఈమె గ్రంథాలు వెలువడ్డాయి. ప్రజ్ఞాలబ్ధి 180కి మించిన 12 మంది పిల్లల జీవితాలను వివరించే గ్రంథాన్ని ఆమె మరణానంతరం భర్త పూర్తిచేసి 1942లో ప్రచురించాడు. 1943లో ఆమె జీవితచరిత్రను కూడా ఆయనే రాశాడు.

విమర్శ

ప్రజ్ఞ ప్రధానంగా వంశపారంపర్యంగా సంక్రమిస్తుందని లెటా నమ్మింది. మంచి వంశాలను పెంపొందించి, మందబుద్ధుల సంతానాన్ని అరికట్టాలనే సుజననవాదం ఆనాటి విద్యావంతులలో బాగా వ్యాపించి ఉండేది. ఆ వాదచ్ఛాయలు ఈమె రచనలలోనూ కనిపిస్తాయి. స్త్రీల విషయంలో పరిస్థితుల ప్రభావాన్ని అంత నిశితంగా చూడగలిగిన ఈమె, పేదల, మందబుద్ధుల విషయంలో అదే ప్రశ్నను అంత గట్టిగా వేయలేదని అనంతరకాలపు పరిశీలకులు విమర్శించారు. ఈమె కృషిని అంచనా వేసేటప్పుడు ఈ రెండు పార్శ్వాలనూ గమనించవలసి ఉన్నది.

మరణం, ప్రభావం

1938లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఈ దంపతులిద్దరికీ గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేసింది. మరుసటి సంవత్సరం నవంబర్ 27న, 53వ ఏట, లెటా క్యాన్సర్ వ్యాధితో న్యూయార్క్‌లో మరణించింది. లింకన్ నగరంలో ఆమెను ఖననం చేశారు.

మరణానంతరం చాలాకాలం ఈమె పేరు ప్రతిభావంతులైన బాలల విద్యకు సంబంధించి మాత్రమే వినబడేది. స్త్రీల మనస్తత్వంపై ఈమె చేసిన కృషి మరుగునపడింది. 1970వ దశకంలో అమెరికా విశ్వవిద్యాలయాలలో స్త్రీల మనస్తత్వం ఒక పాఠ్యాంశంగా బలపడింది. 1973లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో ఈ అధ్యయనానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఈ కాలంలోనే పరిశోధకులు లెటా తొలినాటి వ్యాసాలను తిరిగి వెలికితీశారు. ఒక వర్గంవారు ఏ స్థానంలోనైనా తక్కువగా కనబడితే, వారి స్వభావంపై తీర్పు చెప్పడానికి ముందు అక్కడికి చేరే దారులు వారికి తెరచి ఉన్నాయో లేదో చూడాలనే సూత్రం ఈమె పరిశోధనలనుండి ఈ శాస్త్రానికి లభించిన ముఖ్యమైన పాఠం.